రెక్క కింద రంగు

పళ్ళ డాక్టరమ్మ బోర్డుకి వైరస్ పట్టిందట. ఆ మాట వీధి చివర కుట్టుమిషను అక్క పాలావిడతో అన్నదట. పాలావిడ మా అత్తగారితో అన్నది. అత్తగారు పాలగిన్నె గట్టు మీద ఠపీమని పెట్టి నాతో అన్నారు.

"జనం ఆసుపత్రి ముందు తలలెత్తి నిలబడ్డారట. పన్ను నొప్పితో లోపల కూర్చున్నవాళ్ళు కూడా చెంప పట్టుకునే బయటికొచ్చి, చదివి, నవ్వలేక నవ్వుతున్నారట. ఇదేం పోయేకాలమే తల్లీ!"

నేను సింకు దగ్గర గిన్నెలు తోముతున్నాను. "ఏం రాసుందట అత్తయ్యా?" అని అడిగాను గానీ, ఆ మాట నోట్లోంచి వస్తుండగానే నాకు తెలిసిపోయింది.

అత్తగారికి చదువు రాదు. కానీ విన్నదాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతారు. "కింద మూలన, అరచెయ్యంత అక్షరాలతోనట. 'రెక్కకింద. పళ్ళ డాక్టరమ్మ బోర్డు. ఇదీ నేనే చేశాను. ఆయన పడుకున్నాడు.'" చెప్పి, ఊపిరి తీసుకుని, అసలు మంట ఎక్కడుందో అప్పుడు బయటపెట్టారు. "రాస్తే రాశావు. 'పడుకున్నారు' అని రాసి ఏడవలేకపోయావూ? బజార్న పడ్డాక మర్యాదైనా మిగిలేది."

నాకు నవ్వొచ్చింది. భయంలో వచ్చే నవ్వుంటుందే, అది. ఆపుకోడానికి బాణలి అడుగు పీచుతో గట్టిగా రుద్దాను.

వీధి అప్పటికే తన పని తాను చేసేసింది. రెక్కకింద అంటే కొత్త రకం కట్టుడు పళ్ళని ఒకరు, కాదు నొప్పి తెలియకుండా ఇచ్చే సూదిమందు పేరని ఇంకొకరు తేల్చేశారట. వైరస్ అన్న మాట మాత్రం పుట్టింది మా ఇంట్లోనే. పొద్దున్నే నేను పెరట్లో ఉండగా డాక్టరమ్మ ఫోను చేస్తే మా ఆయన తడబడి, "కంప్యూటర్లో వైరస్ అండీ, దానంతట అదే ఏవేవో రాసేస్తోంది" అన్నారట. తన బోర్డు సంగతి కనుక్కుందామని వచ్చిన కుట్టుమిషను అక్క ఎదురుగా కూర్చుని ఉంది. ఇంకేం కావాలి. అవతల నుంచి డాక్టరమ్మ, "వైరస్‌కి తెలుగు బాగానే వచ్చే" అని ఠక్కున ఫోను పెట్టేసిందట. ఇంత జరిగినా మా ఆయన నాతో ఒక్క ముక్క చెప్పలేదు. కాఫీ అడిగారు, ఇచ్చాను, తాగారు.

మాది బోర్డుల షాపు. ముందు గది షాపు, వెనక గదులు ఇల్లు, మధ్యలో ఒక కర్టెన్. కర్టెన్‌కి అటు మా ఆయన, బల్ల, కుర్చీలు, వచ్చేపోయేవాళ్ళతో మాటలు. ఇటు నేను, కంప్యూటరు, రెండడుగుల దూరంలో పొయ్యి. "వంటింటి పక్కనే పెట్టిస్తున్నాను, నీకు అటూ ఇటూ తిరిగే శ్రమ తప్పుతుంది" అన్నారు కంప్యూటరు కొన్న రోజు. తిరగడం తప్పింది. శ్రమ తప్పలేదు.

మామగారి రోజుల్లో ఇది కుంచె షాపు. ఆయన నిచ్చెన మీద నిలబడి, ముందు గీతలు గీసుకోకుండా, ఒక్క ఊపున అక్షరం దించేవారట. ప్రతి బోర్డుకీ కుడివైపు కింద మూలన తన పేరు చిన్నగా, కాస్త వాలుగా రాసుకునేవారు. ఆ బోర్డులు ఇంకా కొన్ని ఊళ్ళో ఉన్నాయి. వానకి షాపుల పేర్లు చెరిగిపోయాయి, మూల సంతకాలు మిగిలాయి. "బోర్డు కొట్టువాడిది, చెయ్యి నాది. ఆ మాట అక్కడ ఉండాలి" అంటారు ఆయన ఇప్పటికీ, ఎవరు కూర్చుని వింటే వాళ్ళతో.

మా ఆయనకి కుంచె పట్టుబడలేదు, చెయ్యి వణికేది. తర్వాత కంప్యూటరు వచ్చింది, అదీ పట్టుబడలేదు. ఆయనకి పట్టుబడింది మాట. "మీరు నిశ్చింతగా ఉండండి సార్, నేను దగ్గరుండి చేస్తాను" అంటారు. దగ్గరుండడం అంటే కర్టెన్ అవతల ఉండడం. పెళ్ళైన కొత్తలో, "డిగ్రీ చదివావుగా, ఊరికే కూర్చోడమెందుకు, సరదాగా నేర్చుకో" అన్నారు. నేర్చుకున్నాను. కొన్నాళ్ళకి సరదా పోయింది, పని ఉండిపోయింది.

కంప్యూటరు మీద ఆయన నియమంగా చేసే పని ఒక్కటే. సాయంత్రం నేను వంటకి లేవగానే వచ్చి కూర్చుని, నేను చేసిన ఫైళ్ళకి తన పద్ధతిలో పేర్లు మారుస్తారు. ఫైనల్. కొత్త ఫైనల్. అసలు ఫైనల్. ఇదే ఫైనల్. సార్ సరే అన్న ఫైనల్. బోర్డులు బిగించే మేస్త్రీ చాటున ఆయన్ని ఫైనల్ గారు అంటాడు. నేను 'చెప్పుల షాపు ఎర్ర అక్షరాలు' అని పెట్టుకుంటే, "ఏమిటీ చిన్నపిల్లల పేర్లు? ఆఫీసులా ఉండద్దూ?" అని తీసేస్తారు. మళ్ళీ ఆర్నెల్లకి చెప్పుల షాపాయన వచ్చి, పాత బోర్డే కావాలి, ఫోను నంబరు ఒక్కటి మార్చండి అంటాడు. అప్పుడు కర్టెన్ అవతల నుంచి కేక. "ఆ ఫైలు ఎక్కడే?" పొద్దున "నా కళ్ళజోడెక్కడే", మధ్యాహ్నం "కత్తెరెక్కడే", రాత్రి "అమ్మ మందులెక్కడే" అన్న గొంతే అది. నేను పెళ్ళాడింది ఒక మనిషిని కాదు, 'ఎక్కడ' అనే మాటని అనిపించేది. ఆ మాటకి జవాబుగా లేచి వెతికి తెచ్చి చేతిలో పెట్టేదాన్ని. ఆ చేతికి నా ముఖం వైపు తిరగాల్సిన అవసరం కూడా ఉండేది కాదు.

ఫైళ్ళ దగ్గర మాత్రం చిక్కుపడ్డాను. పేరుతో వెతుకుదామని 'చెప్పులు' అని కొడితే ఏమీ లేదు. 'ఫైనల్' అని కొడితే వాన. ఒక్కొక్కటీ తెరిచి చూసేలోపు పొయ్యి మీద అన్నం అడుగంటేది, "ఇంట్లోనే ఉంటావు, అన్నం కూడా చూసుకోలేవా" అని అత్తగారు అనేవారు. ఒకరోజు వెతికే గడి పక్కన చిన్నగా ఇంకో వీలు కనబడింది. ఫైలు పేరులోనే కాదు, లోపలి మాటల్లో కూడా వెతకమనొచ్చు. ప్రాణం లేచొచ్చింది. షాపు పేరు కొట్టాను. ఏమీ లేదు. మళ్ళీ కొట్టాను. లేదు. చాలా రోజులు తల బద్దలు కొట్టుకుంటే అప్పుడర్థమైంది. బోర్డులకి మేం వాడే అక్షరాలు పాతరకానివి. తెర మీద మనకి చక్కని తెలుగులా కనిపిస్తాయి గానీ, లోపల కంప్యూటరుకి అవి ఒట్టి పిచ్చిగీతలు. ఫోనులో కొట్టుకునే మామూలు తెలుగైతే చదువుతుంది. ఇన్ని షాపులకి ఇన్ని బోర్డులు రాశామే, అందులో ఒక్క ముక్క కూడా దానికి తెలియదన్నమాట.

అందుకని ప్రతి డిజైనులోనూ కింద మూలన ఆ మామూలు తెలుగులో ఒక వాక్యం కొట్టి పెట్టడం మొదలుపెట్టాను. చీమంత అక్షరాలు. రంగు తెలుపు, బోర్డు రంగుదైతే ఆ రంగే. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరం మనిషి కంటికి లేనట్టే. కంప్యూటరు మాత్రం చదువుకుంటుంది. మా షాపు మొత్తంలో అది చదవగలిగిన తెలుగు నాదొక్కటే.

ఆ వాక్యానికి మొదట ఏ బోర్డు మీదా రాని మాట ఒకటి కావాలి. నాకు మా అమ్మ కోళ్ళు గుర్తొచ్చాయి. పొద్దున గంప ఎత్తితే మా కోళ్ళు ఊళ్ళో కోళ్ళతో కలిసిపోయేవి. అన్నీ ఒకే తీరు గోధుమరంగు పెట్టలు, ఏది ఎవరిదో బ్రహ్మకి కూడా తెలియదు. అమ్మ ఒక్కోదాన్ని చంకలో ఇరికించుకుని, రెక్క ఎత్తి, లోపల ఒక చుక్క నీలిరంగు పూసేది. పైకి ఏమీ కనబడదు. ఎవరైనా మా పెట్టని తమ గంప కింద కప్పేసి 'ఇది మాదే' అంటే అమ్మ నోరు చేసుకునేది కాదు. లోపలికెళ్ళి, గంప ఎత్తి, పెట్టని పట్టుకుని, రెక్క ఎత్తి చూపించేది. అంతే. పెట్టని చంకన పెట్టుకుని వచ్చేసేది. అలా 'రెక్కకింద' అన్న మాట నా గుర్తయింది.

మొదట్లో వాక్యాలు బుద్ధిగానే ఉండేవి. 'రెక్కకింద. చెప్పుల షాపు. ఎర్ర అక్షరాలు.' కానీ ఇన్ని బోర్డుల్లో ఏ అక్షరం ఏ రంగో ఎవరికి గుర్తుంటుంది? నాకు గుర్తుండేది ఆ రోజు ఏం జరిగిందన్నది. అది కూడా రాసిపెట్టుకుంటే వెతకడం తేలికైంది. జ్వరం అని కొడితే కళ్ళజోళ్ళ షాపు బోర్డు దొరుకుతుంది, ఎందుకంటే అది ఒళ్ళు కాలిపోతుండగా చేశాను. 'రెక్కకింద. కళ్ళజోళ్ళ షాపు. జ్వరం. ఆయన నుదుటి మీద చెయ్యి వేసి, సాయంత్రానికి అయిపోతుందిగా అన్నారు. అడిగింది బోర్డు గురించి.' అలాగే సైకిళ్ళ షాపుది. 'రెక్కకింద. సైకిళ్ళు. ఆడపడుచు వాళ్ళందరూ వచ్చారు. వంట మధ్యలో లేచొచ్చి చక్రం గీశాను. గుండ్రంగానే వచ్చింది.' బియ్యం కొట్టుది. 'రెక్కకింద. బియ్యం కొట్టు. మా ఆవిడ ఇంట్లో ఊరికే ఉంటుంది, అప్పుడప్పుడు కంప్యూటర్ మీద ఆడుకుంటుంది అన్నారు కొట్టాయనతో. కర్టెన్ పలుచన.' పని కోసం మొదలుపెట్టిన అలవాటు ఎప్పుడు మనసులో మాటయిందో నాకే తెలియదు. పైకి అనలేనిది అక్కడ అని, తెల్లరంగు వేసి, పొయ్యి దగ్గరికి పోయేదాన్ని. ఒళ్ళు తేలికయ్యేది. ఇంత తెలివిగా మూగగా ఉండొచ్చని కనిపెట్టినందుకు కొన్నాళ్ళు గర్వపడ్డాను కూడా.

డాక్టరమ్మ బోర్డు తెలుపు మీద ఆకుపచ్చ. అన్నీ సరిచూసి పెట్టి, మర్నాడు అత్తగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆ పూట డాక్టరమ్మ ఫోను చేసి, తెలుపైతే దుమ్ముకి మాసిపోతుంది, ముదురు నీలం వేసి అక్షరాలు తెల్లవి చెయ్యండి అన్నది. నేను వచ్చేదాకా ఆగొచ్చు. ఆగలేదు. మీట నొక్కడమేగా, నాకు రాదా ఏమిటి అనుకున్నారట మా ఆయన. నొక్కారు. నీలం వచ్చింది, పెద్ద అక్షరాలు తెల్లబడ్డాయి. ఆ సంబరంలో మూల చీమలబారుని చూడలేదు. ప్రూఫ్ చూడడం ఎప్పుడూ నా పని, ఆయనకి అలవాటు లేదు. ఫ్లెక్సీ వేసే చోటికి పంపేశారు. తెర మీద చీమలు గోడంత బోర్డు మీద అరచేతులయ్యాయి. పొద్దువాలాక మేస్త్రీ ఎక్కి బిగించేశాడు. తర్వాత అడిగితే, "ఫైనల్ అన్నారు కదమ్మా. ఏదో డాక్టరమ్మ కవిత్వం అనుకున్నా" అన్నాడు.

గిన్నెలు ఇంకా మిగిలే ఉన్నాయి. కర్టెన్ తోసుకుని మా ఆయన వచ్చారు. వెనకే మామగారు. అత్తగారు గుమ్మానికి ఆనుకున్నారు. ఇంత చిన్న గదిలో మేం నలుగురం ఒకేసారి నిలబడడం చాలా రోజులకి అదే.

"చూశావా నువ్వు చేసిన పని?"

"ఊరంతా చూసిందట. నేనే ఇంకా చూడలేదండీ."

"ఎగతాళా? నా ముఖం ఎలా చూపించుకోను? పడుకున్నాడట! నేను పడుకుంటే ఈ ఇల్లు ఎలా నడుస్తోంది?" కంప్యూటరు వైపు చెయ్యి చూపించారు. "ఇంకా ఎన్నిటిలో రాశావు ఇలాంటివి?"

"అన్నిటిలో."

"అన్నిటిలో అంటే?"

"నేను చేసినవాటన్నిటిలో."

ఆయన గొంతు తగ్గించారు. గొంతు తగ్గిస్తే ఆయన ఏదో తేల్చేశారని అర్థం. "సరే. ఇవాళ కూర్చుని అన్నీ తుడిచెయ్యి. ఒక్కటి మిగలడానికి వీల్లేదు. డాక్టరమ్మ మధ్యాహ్నం తనే వచ్చి చూసుకుంటానంది, ఆ బోర్డు సరిచెయ్యి. రేపట్నుంచి నువ్వు కంప్యూటరు జోలికి రావద్దు. ఎవర్నైనా పెట్టుకుంటాను. హాయిగా ఇల్లు చూసుకో."

మామగారు గొంతు సవరించుకున్నారు. "కుంచె పట్టినవాడు ఏదైనా రాసుకున్నాడంటే అర్థముంది. మీట నొక్కితే వచ్చేదానికి రాతలేమిటమ్మాయ్?"

తడిచేతులు చీరకి తుడుచుకుంటూ నిలబడ్డాను. 'హాయిగా' అన్న మాట చెవుల్లో తిరుగుతోంది. తుడవడం ఎంతసేపు? ఒక్కొక్కటీ తెరవడం, ఆ అక్షరాల గీత ఎంచుకోవడం, కొట్టెయ్యడం. సాయంత్రానికి కాకపోతే రెండు రోజులు. ఆ తర్వాత ఆ పెట్టెలో ఫైళ్ళుంటాయి, బోర్డులుంటాయి, అన్నిటి మీదా ఆయన పెట్టిన పేర్లుంటాయి. నేను చేసినవని చెప్పే చుక్క ఒక్కదాని మీద కూడా ఉండదు. ఊళ్ళో నడుస్తూ తలెత్తితే కనిపించేవన్నీ ఏ కోడి ఎవరిదో తెలియని గుంపు అయిపోతాయి. రేపు నాకే అనుమానం రావచ్చు, నిజంగా నేనే చేశానా అని. ఆ కళ్ళజోళ్ళ బోర్డులో అద్దం మీద మెరుపు కోసం జ్వరంలో ఎంతసేపు కూర్చున్నానో, ఆ బట్టల షాపు బోర్డులో అక్షరాల మధ్య ఎడం ఎన్నిసార్లు మార్చానో నాకు తప్ప ఎవరికి తెలుసు? గొడవపడాలనిపించలేదు. గొడవపడితే ఆయన గొంతు పెరుగుతుంది, అత్తగారు ఏడుస్తారు, చివరికి నేనే అందరికీ కాఫీ పెట్టి ఇస్తాను. చాలాసార్లు అయింది అది. అమ్మ గొడవపడేది కాదు. గంప ఎత్తేది.

"కూర్చోండి," అన్నాను కుర్చీ లాగి. "ఏది తుడవాలో మీరే చూసి చెప్పండి."

వెతికే గడిలో 'రెక్కకింద' అని కొట్టి, లోపలి మాటల్లో వెతకమన్నాను. మొదట ఒక్కటి వచ్చింది. తర్వాత నాలుగైదు. తర్వాత ఇక ఆగలేదు. తెర నిండిపోయి, పక్కన జారే పట్టీ చిన్నదైపోయి, కిందికి కిందికి పోతూనే ఉంది. ఫైనల్, కొత్త ఫైనల్, అసలు ఫైనల్. ఇన్నేళ్ళు నేనే వాటిని ఒక్కచోట చూడలేదు. అవసరమైనప్పుడు ఒక్కటి వెతుక్కుని తీసుకునేదాన్ని, అంతే.

"ఏమిట్రా అవి, చీమల్లా?" అన్నారు అత్తగారు.

"ఫైళ్ళు," అన్నారు మా ఆయన.

"అన్నీ ఈ పిల్లే చేసిందా?"

మామగారు కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగారు. నేను ఒక్కొక్క బోర్డూ తెరుస్తున్నాను. మందుల షాపు. సైకిళ్ళు. కూడలి దగ్గర పెద్ద బట్టల షాపు. ఆ బోర్డు పెట్టిన రోజు మామగారు దానికింద చాలాసేపు నిలబడి, ఇంటికొచ్చి, "నా కొడుక్కి చెయ్యి రాలేదు గానీ కన్ను నాదే వచ్చింది" అన్నారు. మా ఆయన ఆ మాటకి తలొంచుకుని నవ్వారు. నేను వడ్డిస్తున్నాను.

"ఇది నువ్వు చేశానన్నావు కదరా?" అన్నారు మామగారు.

"నేను దగ్గరుండి చేయించాను నాన్నా." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు తిరిగి, "నావి కూడా వెతుకు. అన్నీ నీవేనా? ఆ గుర్తు లేనివి వెతుకు" అన్నారు.

వెతికాను. ఆయన ఫొటోలు వచ్చాయి. పాత పాటలు వచ్చాయి. 'కొత్త ఫోల్డర్' అన్న పేరుతో బోలెడు ఖాళీ ఫోల్డర్లు వచ్చాయి. ఆయన తన చేత్తో చేసిన ఒకే ఒక్క బోర్డు, ఆ నీలం రంగుది, అందులో రాలేదు. దానిలోనూ మూల నా గీతే ఉంది కదా.

ఒక బోర్డు తెరిచి మౌసుతో మూల లాగాను. తెల్ల గీత మీద నీడ పడి అక్షరాలు బయటపడ్డాయి. కళ్ళజోళ్ళది. ఆయన పైకి చదవడం మొదలుపెట్టారు. "జ్వరం. ఆయన నుదుటి మీద చెయ్యి వేసి..." అక్కడ ఆగిపోయారు.

"ఆపావేం? చదువు," అన్నారు అత్తగారు.

మిగతాది నేను చదివాను. తర్వాత దానికింద ఉన్నది తెరిచాను. "రెక్కకింద. పూలకుండీల షాపు. అత్తయ్య మోకాళ్ళకి నూనె రాశాను. నీ చెయ్యి మంచిదే అన్నారు. సాయంత్రం ఆడపడుచు రాగానే, దీనికి ఏ పనీ చేతకాదు అన్నారు."

"నేనెప్పుడన్నానే అలా?" అత్తగారు గుమ్మం వదిలి నిటారుగా నిలబడ్డారు. తర్వాత ఆవిడే చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, "అనే ఉంటాలే" అన్నారు.

అప్పుడు బయట చెప్పుల చప్పుడు. కర్టెన్ ఎవరో బర్రున లాగారు. పళ్ళ డాక్టరమ్మ. కోటు కూడా విప్పకుండా వచ్చేసింది. నలుగురినీ ఒక చుట్టు చూసింది.

"ఏదీ మీ వైరస్?"

మా ఆయన లేవబోతూ, "అదేనండీ, కంప్యూటరు మొత్తం శుభ్రం..." అంటున్నారు.

"నేనేనండీ," అన్నాను.

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. మనిషి చాలా అలిసిపోయి ఉంది. "అక్షరాలు బాగున్నాయి. ఆ మూల సంగతి తీసెయ్యండి. నా ఆసుపత్రిలో పగలు పడుకునేవాళ్ళెవరూ లేరు. పొద్దున్నుంచి ఒక్కరు కూడా పన్ను గురించి అడగలేదు, అందరూ దాని గురించే. నా ముందు సరిచెయ్యండి, చూసి వెళ్తాను."

ఆవిడ అన్నది న్యాయం. అది ఆవిడ గోడ. ఆవిడ గోడ మీద నా కాపురం వేలాడాల్సిన పని లేదు. కుర్చీలో నేను కూర్చున్నాను. మా ఆయన లేచి నిలబడాల్సి వచ్చింది, ఇంకో కుర్చీ లేదు. నీలం బోర్డు తెరిచాను. ఆయన తొందరలో వేసిన నీలం బాగాలేదు, కొంచెం లోతు చేశాను. ఫోను నంబరు దూరం నుంచి కూడా కనిపించేలా పెంచాను. మూల ఉన్న గీతని ఎంచుకుని కొట్టేశాను. 'రెక్కకింద' పోయింది, పడుకున్నాడు పోయాడు. అక్కడ నీలం ఖాళీగా మిగిలింది.

ఆ ఖాళీని చూస్తూ ఆగాను. ఇన్నాళ్ళూ నేను రంగు ఎక్కడ పూశాను? పైకి కనబడని చోట. అమ్మకి రెక్క ఎత్తి చూపించే ధైర్యం ఉంది, అందుకని ఆ చుక్క పనికొచ్చింది. నేను పూయడమే గానీ ఎత్తింది లేదు. ఆయన తెలియక బోర్డు రంగు మారిస్తే తప్ప నా మాట బయటికి రాలేదు. అలా ఇంకోసారి జరగాలని ఎదురుచూస్తూ కూర్చోలేను. ఇక దాచి రాసేదేమీ లేదు.

ఆ కుడివైపు మూలనే, చిన్నగా, కాస్త వాలుగా, నా పేరు కొట్టాను. ఒట్టి పేరు. పక్కన ఏమీ లేదు. దానికి తెలుపు రంగే వేశాను. నీలం మీద తెలుపు.

డాక్టరమ్మ వంగి చూసింది. "ఇదెవరు?"

"చేసినవాళ్ళండీ."

ఒక్క క్షణం చూసి తలూపింది. "చిన్నగానే ఉందిగా, ఉండనివ్వండి. నాకు రేపటికి బోర్డు కావాలి, అంతే" అని చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయింది. కర్టెన్ ఆవిడ లాగినచోటే ఉండిపోయింది. షాపు గదిలోంచి వెలుతురు నేరుగా పొయ్యి మీద పడుతోంది.

"ఆ పేరు తీసెయ్," అన్నారు మా ఆయన.

"తియ్యనండీ. తుడవమన్నవి కూడా తుడవను. అవి నేను వెతుక్కునే గుర్తులు. రేపట్నుంచి ఎవరిని పెట్టుకుంటారో మీ ఇష్టం. వాళ్ళు చేసినదాని మీద వాళ్ళ పేరుంటుంది, నేను చేసినదాని మీద నాది."

"నాన్నా, మీరైనా చెప్పండి."

మామగారు తెర మీద మూలనే చూస్తున్నారు. ఆయన కుడిచెయ్యి చూపుడువేలు తొడ మీద ఏదో గీస్తోంది, వాలుగా. "నేను కొట్టువాణ్ణి అడిగి పెట్టుకునేవాణ్ణి," అన్నారు చివరికి.

"ఆవిడ చూసే వెళ్ళారు కదా మామయ్యా."

మామగారు కళ్ళజోడు తీసి పంచెకి తుడుచుకున్నారు. మా ఆయన అత్తగారి వైపు చూశారు. అత్తగారు సింకు వైపు చూశారు, నేను సగంలో వదిలేసిన గిన్నెల వైపు. ఆయన మళ్ళీ నా వైపు తిరిగారు. ఈసారి కోపం కన్నా బతిమాలడం ఎక్కువుంది ఆ గొంతులో.

"అది కాదే, గోడంత బోర్డు. నడిరోడ్డు మీద. ఎవరైనా చూస్తే?"

నేను ఫైలుని దాచాను. ఏ పేరుతో దాచాలని కంప్యూటరు అడిగింది. 'పళ్ళ డాక్టరమ్మ, నీలం' అని కొట్టాను. అప్పుడు ఆయన వైపు తిరిగాను.

"బోర్డు పెట్టేది చూడ్డానికే కదండీ."